వైండింగ్ అన్న ఎడమ మీసం

మా కాలేజీకి పోయే దారిలో, ఆటోలు ఆగే చోట, కరెంటు స్తంభానికి ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి ఉంది. మామూలు ఫ్లెక్సీయే. పైన రెండు దీపాలు, కింద రెండు పావురాలు, మధ్యలో ఒక పెద్దమనిషి. పెద్దమనిషికి మీసం మాత్రం ఒక పక్కనే ఉంది.

కుడి మీసం తేలు కొండిలా పైకి లేచి ఉంటుంది. ఎడమ పక్క ఏమీ లేదు. పనిబడి ఉరవకొండలో దిగినవాళ్లు ఆగి చూస్తారు. ఒకాయన వానకు రంగు కారిపోయిందన్నాడు. మా ప్రాంతంలో వానను తప్పుపట్టే అవకాశం అరుదు కాబట్టి ఎవరూ ఆయన మాట కాదనలేదు. ఇంకొకామె మేక నాకిందేమో అంది. ఫ్లెక్సీ నేల నుంచి పన్నెండు అడుగుల ఎత్తున ఉంది. మా మేకలు కరువుకు రకరకాల విద్యలు నేర్చిన మాట నిజమే గానీ, అంత కాదు.

రంగు కారలేదు, మేక నాకలేదు. ఆ సగం మీసం పోయిననాడు నేను రెండు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. పోగొట్టిన యంత్రం కూడా నాదే. కాబట్టి సాక్షిగానూ, కొంతవరకు ముద్దాయిగానూ ఇది రాస్తున్నాను.

ఫ్లెక్సీ మీద పేరు కూడా "వైండింగ్ అన్న" అనే వేశారు. అసలు పేరు ఆధార్ కార్డులో ఉంది. అక్కడే ఉండిపోయింది.

బస్టాండు వెనక సందులో ఆయనది రేకుల అంగడి. కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ మళ్లీ చుట్టడం పని. మా పక్క బోర్లు ఎండుతాయి, మోటార్లు కాలతాయి, ఎప్పుడో ఒక ఏడు శెనక్కాయ పండుతుంది. ఈ మూడింటిలో నమ్ముకోదగింది రెండోదని ఆయన చిన్నప్పుడే గ్రహించాడు.

ఆయన పనితనమంతా ముక్కులో ఉండేది. రైతు మోటారు దింపగానే మూత విప్పి, లోపలికి ముక్కు పెట్టి, ఒకసారి నిదానంగా పీల్చేవాడు.

"ఏం చేసినావప్పా దీన్ని?"

"నేనేం చేసినా అన్నా. బాగా ఆడతా ఆడతా, దానంతట అదే నిలబడిపాయె."

అన్న ఇంకోసారి పీల్చేవాడు.

"నీళ్లు అయిపోయినంక ఎంతసేపు ఆడించినావు?"

"రోంతసేపు."

"రోంతసేపంటే?"

"సంగటి తిని వచ్చేంతసేపు."

"సంగటి తిని గమ్మున రాలేదు నువ్వు. పండుకోని లేచినావు."

రైతు తల దించుకునేవాడు. ఇంట్లో భార్యకు కూడా చెప్పని సంగతి మోటారు చెప్పేసింది. బోరు ఎండిందా, రెండు ఫేజులకే నడిపారా, వోల్టేజీ పడిపోయిందా, అన్నీ ఆ ముక్కుకు తెలిసేవి. తిట్టడం అయ్యాక వైద్యం మొదలు. "సచ్చిన మోటారని ఒకటి ఉండదప్పా. కాలిన మోటార్లే ఉంటాయి. కాలినదాన్ని మళ్ళా చుట్టొచ్చు" అనేవాడు. ఈ మాట మోటార్ల గురించే అనేవాడు. దీంట్లో వేదాంతం వెతికినవాళ్లను బయటికి పంపేవాడు.

ఇక మీసం. చుట్టే యంత్రం పిడి కుడిచేతిలో ఉండేది. తీగ సర్దే ఎడమచెయ్యి, ఒక చుట్ట పూర్తి కాగానే, యజమాని అనుమతి లేకుండా మీసం మీదికి పోయేది. ఆ వేళ్లకు ఎప్పుడూ వైండింగుకు పూసే వార్నిష్ అంటుకుని ఉండేది. నలభై ఏళ్లు ఆ సేవ అందుకుని ఎడమ మీసం నల్లగా, నిగనిగలాడుతూ, మేకులా గట్టిపడింది. కుడిది మామూలు మీసం. ఎడమది ఇన్సులేషన్ ఉన్న మీసం.

అంగడి ముందు చింతపండు రంగు ప్లాస్టిక్ తీగ అల్లిన ఇనుప కుర్చీ ఒకటి ఉండేది. అందులో లైన్‌మన్ మామ ఉండేవాడు. కరెంటు శాఖలో ముప్పై రెండేళ్లు స్తంభాలెక్కి, రిటైరైన మరుసటి రోజు ఇంటి నుంచి ఆ కుర్చీ తెచ్చి అంగడి నీడలో వేసుకున్నాడు. వరసకు ఇద్దరూ ఒకరికొకరు బావలు. మోటార్లు కాలేది లైన్‌మన్ల వల్లేనని అన్న వాదన. మోటార్లు కాలబట్టే నువ్వు బువ్వ తింటాండావని మామ వాదన. రెండూ నిజమే కావడంతో వాదన ఏళ్ల తరబడి సాగింది.

నేను ఈ కథలోకి వచ్చింది మూడేళ్ల కిందట. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. శనివారం సైన్సు ప్రదర్శన పెట్టాలని, జనం నోరు తెరుచుకుని చూసే వస్తువు ఒకటి ఉండాలని మా ప్రిన్సిపాల్ కోరిక. నేను చిన్న టెస్లా కాయిల్ కిట్ తెప్పించాను. అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డు, ఒక ట్రాన్సిస్టర్, దాని వేడి లాగడానికి అల్యూమినియం రెక్కలు, గుప్పెడు రెసిస్టర్లు. బొటనవేలంత లావు ప్లాస్టిక్ గొట్టం మీద వెంట్రుకంత సన్న రాగితీగ నాలుగు వందల చుట్లు. దాని అడుగున లావు తీగ మూడు చుట్లు. పాతకాలం కాయిళ్లలో నిప్పురవ్వలు పటపటలాడుతూ చేసే పనిని ఇందులో ట్రాన్సిస్టర్ నోరు మూసుకుని చేస్తుంది. పన్నెండు వోల్టులు ఇస్తే చాలు, సన్నతీగ కొసన ఊదారంగు మంట నిలబడుతుంది. దగ్గర పట్టుకున్న ట్యూబ్‌లైటు వైరు లేకుండానే వెలుగుతుంది.

అని డబ్బా మీద ఉంది.

నాలుగు సాయంత్రాలు సోల్డరింగ్ చేశాను. కాయిల్ వెలగలేదు. నాలుగో సాయంత్రం సన్నతీగ కూడా తెంపాను. తెంపానంటే నాకేదో ఉద్దేశం ఉన్నట్టు వినిపిస్తుంది. మోచెయ్యి తగిలింది, తెగింది. ఆ గొట్టం పట్టుకుని వైండింగ్ అన్న దగ్గరికి పోయాను.

అన్న గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఏం సారూ, చీమలకు బోరు వేయిస్తాండావా?"

అది ఏమిటో చెప్పాను. ట్యూబ్‌లైటు సంగతి చెప్పేసరికి కుర్చీ కిర్రుమంది.

"వైరు లేకుండా లైటా?" అన్నాడు లైన్‌మన్ మామ. "ముప్పై రెండేండ్లు స్తంభాలెక్కినా సార్. వైరుండే లైట్లే వెలిగేటివి కాదు."

"నువ్వెక్కిన స్తంభాలకు వెలగవులే బావా," అన్నాడు అన్న. "సారు చదువుకున్నాడు, చెప్తాండాడు. వెలుగుతాది."

"వెలగదు."

"వెలుగుతాది."

"దాని గురించి నీకేం తెలుసు?"

"ఏం తెలీదు. నువ్వు వెలగదంటాండావు కదా, నాకది చాలు."

నేను మధ్యలో పడి, ఇది ఇంతవరకు ఒక్కసారి కూడా పని చేయలేదని చెప్పబోయాను. "నువ్వు గమ్మునుండు సారూ," అన్నాడు అన్న. "శనివారం నీ కాలేజీలో నలుగురి ముందర వైరు లేకుండా ట్యూబులైటు వెలగకపోతే, ఆడే మీసం తీసేస్తా."

ఎదురుగా టైరుకు పంక్చర్ వేస్తున్నవాడు తల ఎత్తాడు. సీమలో పొలం పెట్టి పందెం కాసినవాడు తెల్లారి మాట మార్చుకోవచ్చు. మీసం పెట్టినవాడు మార్చుకోలేడు. పొలమంటే ఎక్కడో ఊరి బయట ఉంటుంది. మీసాన్ని రోజూ వెంట తిప్పుకోవాలి.

లైన్‌మన్ మామ ముఖం నున్నగా ఉంటుంది. పందెం కాయడానికి అక్కడ ఏమీ లేదు. కాసేపు ఆలోచించి కుర్చీ చేతిమీద కొట్టాడు.

"వెలిగితే ఏడాది నీ అంగట్లో కూచోను. నిలబడే మాట్లాడతా. ట్యూబు మాత్రం నేనే తెస్తా. మీరు తెస్తే లోపల ఏందో పెడతారు."

అలా నా సోల్డరింగు మీద ఒక మీసం, ఒక కుర్చీ వచ్చి కూర్చున్నాయి.

మరుసటి రోజు అన్న చుట్టడం మొదలుపెట్టాడు. ఆయన లెక్క ఆయనదే. ధాన్యం కొలిచేవాళ్లలాగా ఒకటి అనడు, "లాభం" అంటాడు. లాభం, రెండు, మూడు అంటూ యాభై దాకా పోయి, పక్కనున్న డబ్బా మూతలో ఒక శెనక్కాయ వేస్తాడు. మళ్లీ లాభం నుంచి మొదలు. ఎనిమిది కాయలు పడితే నాలుగు వందల చుట్లు. కాగితం, పెన్సిలు ఆయనకు నచ్చవు. "కాగితం గాలికి పోతాది, శెనక్కాయ పోదు" అనేవాడు.

లైన్‌మన్ మామ లెక్క చెడగొట్టడానికి ప్రయత్నించాడు.

"బావా, నీకెన్నేండ్లు?"

"ముప్పైరెండు, ముప్పైమూడు, అరవై ఆరు, ముప్పైనాలుగు."

"మీ ఇంటి బోరు ఎన్ని అడుగులు?"

"ముప్పై అయిదు, ఏడు నూర్లు, ముప్పై ఆరు."

ఆ చేతిని ఎవరూ తప్పించలేరని మామకు అర్థమైంది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని ఈ వేడుక చూస్తూ, పొద్దుపోక, ఏదో నమలసాగాను. రెండో కాయ ఒలిచాక గానీ నేను తింటున్నవి డబ్బా మూతలోవని తెలియలేదు. అన్న తల వంచుకుని ఉన్నాడు. తొక్కలు చొక్కా జేబులో వేసుకున్నాను.

చివరికి ఆయన మూత నా ముందు పెట్టి, "ఎనిమిది. లెక్క వేసుకో సారూ," అన్నాడు. వేసుకున్నాను. మూతలో నాలుగు వందలు, నా కడుపులో వంద. నా మౌనానికి శాస్త్రీయమైన కారణాలేవీ లేవు.

తర్వాత ఆయన గొట్టాన్ని వార్నిష్‌లో ముంచి మేకుకు వేలాడదీశాడు. శనివారం మధ్యాహ్నం దాకా ఇవ్వనన్నాడు. పచ్చి వార్నిష్ మీద కరెంటు పెట్టడం, ఆయన మాటల్లో, బాలింతను కలుపు తీసేదానికి పంపినట్టు. కాబట్టి ముందుగా పరీక్షించుకునే అవకాశం నాకు దొరకలేదు.

శనివారం మూడు గంటలకు ల్యాబు నిండిపోయింది. పిల్లలు, వాళ్ల అమ్మానాయనలు, పంక్చర్ అంగడాయనతో సహా సందులో సగం మంది. అగ్నిపర్వతం నమూనా దగ్గర ఒక్కరు లేరు. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసం మెలేసి వచ్చాడు. లైన్‌మన్ మామ చంకలో ట్యూబ్‌లైటుతో వచ్చాడు. రెండు కొసలూ నల్లబడిపోయి, ఆయన ఇంట్లో రెండేళ్లుగా మంచం కింద పడున్న ట్యూబు అది. వెంట సెలూన్ నడిపే ఒకాయనను కూడా తెచ్చాడు. ఆయన చేతిలో చిన్న తోలు పెట్టె ఉంది. సైన్సు మీద ఆసక్తి కొద్దీ వచ్చానని ఆయన చెప్పాడు.

కొత్త చుట్ట అతికించి అడాప్టర్ పెట్టి స్విచ్ వేశాను. బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. ఇంకేమీ జరగలేదు. మామ ట్యూబును గొట్టం పక్కన నిలువుగా పట్టుకుని, తలుపు దగ్గర నిలబడ్డ పోలీసులాగా, కదలకుండా ఉన్నాడు. ట్యూబు కూడా అలాగే ఉంది. ట్రాన్సిస్టర్ మాత్రం వేడెక్కసాగింది.

స్విచ్ ఆపాను. తప్పు ఎక్కడుందో నాకు తెలుసనుకున్నాను. రెండు శెనక్కాయలకు ఒక మనిషి మీసం పోబోతోంది. ఆయన చెవి దగ్గరికి పోయాను.

"అన్నా, నీకొక సంగతి చెప్పాల."

ఆయన వినలేదు. వంగి, కాయిల్ అడుగున ఉన్న లావుతీగ మూడు చుట్లకేసి చూస్తున్నాడు. తర్వాత ముక్కు దించి ఒకసారి పీల్చాడు.

"ఇది ఎవరు చుట్టినారు?"

"నేనే."

"యా పక్కకు?"

ఐదు రోజుల్లో ఆ ప్రశ్న నేను ఒక్కసారి కూడా వేసుకోలేదు. ట్రాన్సిస్టర్‌ను అనుమానించాను. రెసిస్టర్లను అనుమానించాను. డబ్బా పంపినవాళ్ల వంశాన్ని అనుమానించాను.

"సారూ, బోరు మోటారు ఎనక్కి తిరిగితే ఏం చేస్తారు?"

మా పక్క పలక పట్టిన పిల్లవాడికి కూడా ఇది తెలుసు. లైను రిపేరు చేసిన ప్రతిసారీ ఫేజులు తారుమారవుతాయి, మోటార్లు వెనక్కి తిరుగుతాయి, నీళ్లు రావు. రైతు పోయి స్టార్టర్‌లో రెండు వైర్లు మార్చి వస్తాడు.

"అన్నా, దీంట్లో తిరిగేది ఏమీ లేదు కదా," అన్నాను.

"తిరుగుతాది. నీకు కనపడదు, అంతే. ఆ రెండు కొసలు మార్చు."

ఎమ్మెస్సీలో నాకు మంచి మార్కులే వచ్చాయి. లావుతీగ రెండు కొసలు విప్పి అటుది ఇటు, ఇటుది అటు బిగించాను. స్విచ్ మీద వేలు పెట్టాను. పైన ఫ్యాను నిదానించి ఆగిపోయింది.

కరెంటు పోయింది.

ల్యాబులో తలలన్నీ ఒకేసారి లైన్‌మన్ మామ వైపు తిరిగాయి.

"నన్నేంటికి చూస్తారప్పా," అన్నాడు మామ. "నేను రిటైరై ఏడేండ్లయింది."

ఆయన శిష్యులు ఇంకా డ్యూటీలో ఉన్నారన్న మాట ఎవరూ పైకి అనలేదు. నా దగ్గర ఆధారాలేవీ లేవు, ఇప్పటికీ లేవు. అన్న ఎడమచెయ్యి మీసం మీదికి పోయింది. ఈసారి మెలేయలేదు, ఉందా అని చూసుకున్నట్టు ముట్టుకుంది. సెలూన్ ఆయన పెట్టె తెరిచాడు.

మామ ఆ చేతిని చూశాడు. పెట్టెను చూశాడు. ట్యూబును నా చేతిలో పెట్టాడు.

"నువ్వు పెట్టె ముయ్యప్పా," అని సెలూన్ ఆయనకు చెప్పి బయటికి పోయాడు. కొంతసేపటికి మోపెడ్ చప్పుడు. వీపున పురుగుమందు కొట్టే స్ప్రేయరుతో ల్యాబులోకి వచ్చాడు.

"దీంట్లో బ్యాటరీ ఉండాది. పన్నెండు వోల్టులే. పీకండి," అన్నాడు.

అన్న ఆయనకేసి చూస్తూ ఉండిపోయాడు.

"నా మొగం ఏంటికి చూస్తావు బావా? కరెంటు తీపించి గెలిచినాడంటారు నన్ను. ఓడిపోతే సక్రమంగా ఓడిపో."

స్ప్రేయరు విప్పి బ్యాటరీ బయటికి తీశాం. ఎర్రవైరు, నల్లవైరు కాయిల్‌కు కలిపాం. మామ మళ్లీ ట్యూబు పట్టుకుని పోలీసులాగా నిలబడ్డాడు. నేను స్విచ్ వేశాను.

ట్యూబు వెలిగింది.

రెండేళ్లు మంచం కింద పడున్న ట్యూబు, ఒక్క వైరు లేకుండా, లైన్‌మన్ మామ చేతుల్లో తెల్లగా వెలిగింది. ఆయన దాన్ని తిప్పి చూశాడు. బోర్లించి చూశాడు. తన చొక్కా చేతుల్లోకి కూడా చూసుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు, ఆరిపోయింది. ముందుకు వేశాడు, వెలిగింది. వెనక్కి, ముందుకు, వెనక్కి, ముందుకు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ముప్పై రెండేళ్లు స్తంభాలెక్కిన మనిషి, నల్లబల్ల ముందు కోలాటం మొదలుపెట్టాడు. పిల్లలు చప్పట్లతో తాళం వేశారు. పంక్చర్ అంగడాయన ఈల వేశాడు. ప్రిన్సిపాల్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆయన కోరుకున్నది జనం నోళ్లే గానీ, ముందు ఆయనదే తెరుచుకుంది.

"బావా, ఓడిపోయినావు," అన్నాడు అన్న.

"ఉండప్పా, ఇంకోసారి," అన్నాడు మామ, ముందుకు అడుగు వేస్తూ.

అన్న ట్యూబును చూడటం లేదు. సన్నతీగ కొసన మొలిచిన ఊదారంగు మంటను చూస్తున్నాడు. శెనగగింజంత పొడవు. సన్నగా బుసకొడుతూ, అక్కడే నిలబడి ఉంది.

"నలభై ఏండ్లు ఈ కరెంటుకు ఇండ్లు కట్టిస్తాండా సారూ," అన్నాడు నెమ్మదిగా. "మెరుపులు చూసినా. అది పారిపోతాంటే కనపడే వీపు. మొగం చూసేది ఇదే."

అంటూనే జేబులోంచి బీడీ తీశాడు.

ల్యాబు గోడ మీద పొగ తాగరాదని బోర్డు ఉంది. ఆ సమయంలో దాన్ని చదవగలిగిన స్థితిలో ఎవరూ లేరు. "అన్నా, అది చాలా వేడి మంట, దగ్గరికి పోవద్దు," అని పాఠం చెప్పే గొంతుతో చెప్పాను. ఆ గొంతు మా క్లాసులో కూడా ఎవరూ వినరు. ఆయన బీడీ పళ్ల మధ్య పెట్టుకుని, కరెంటుకు ముద్దు పెట్టేవాడిలా ముందుకు వంగాడు.

బీడీ అంటుకుంది. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం లేదు. నలభై ఏళ్ల వార్నిష్ తాగిన ఎడమ మీసం కూడా వంగింది.

చుర్రుమన్న చప్పుడు, చిన్న వెలుగు. అన్న అరచేత్తో చెంప మీద తానే కొట్టుకున్నాడు. "నీళ్లు కొట్టండప్పా," అని ఎవరో అరిచారు. స్ప్రేయరు నిండా నీళ్లున్నాయి. కొట్టే బ్యాటరీ మాత్రం కాయిల్‌కు ఉంది. ఈలోగా కాలాల్సింది కాలిపోయింది. చెయ్యి తీసేసరికి ఎడమ పక్క పెదవి కొంచెం ఎర్రబడి, పసిపిల్లల పెదవిలా నున్నగా ఉంది. కుడి మీసం జరిగినదాంతో తనకేమీ సంబంధం లేనట్టు నిలబడి ఉంది. ల్యాబంతా కాలిన మోటారు వాసన.

ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. ట్యూబు చేతపట్టుకుని లైన్‌మన్ మామ బావ ముఖాన్ని దగ్గరగా చూశాడు.

"పందెం నువ్వే గెలిచినావు బావా," అన్నాడు. "మీసం మాత్రం నాకొచ్చింది."

ముందు నవ్వింది అన్నే. ఎంత నవ్వాడంటే ఇంకా వెలుగుతున్న బీడీ నోట్లోంచి పడిపోయింది. తర్వాత ల్యాబు నవ్వింది. సెలూన్ ఆయన మాత్రం వృత్తిధర్మం మరవకుండా, "రెండో పక్క తీసేయమంటావా అన్నా? సరిపోతాది," అని అడిగాడు.

అన్న నవ్వు ఆపాడు.

"మీసం తీసేది ఓడిపోయినోడు. నేను గెలిచినా కదప్పా."

తీయలేదు. మరుసటి రోజు ఫోటో స్టూడియోకు పోయి, కాయిల్‌ను చంటిబిడ్డలా చేతుల్లో పట్టుకుని, ఉన్న మీసాన్ని మెలేసి ఫోటో తీయించుకున్నాడు. రెండు నెలలు, ఎడమది మళ్లీ పెరిగేదాకా, సగం మీసంతోనే పెళ్లిళ్లకూ సంతకూ తిరిగాడు. ఎవరైనా కన్నెత్తి చూస్తే కూర్చోబెట్టి కథంతా చెప్పేవాడు. చూడనివాళ్లను పిలిచి చెప్పేవాడు.

లైన్‌మన్ మామ మాట ప్రకారం అంగడి ముందు నిలబడ్డాడు. ఒక రోజు నిలబడ్డాడు. రెండో రోజు అన్న తానే కుర్చీ తెచ్చి వేశాడు.

"నువ్వు నిలబడితే నా పని మీద నీడ పడతాంది. కూచో."

"పందెం?"

"పందెం నాది. నా ఇష్టం."

నేను మాత్రం నా నేరం మోయలేక ఒక నాడు నోరు తెరిచాను. "అన్నా, ఆ చుట్ట నాలుగు వందలు కాదు..."

"ఐదు నూర్లు," అన్నాడు, చుట్టడం ఆపకుండా. "నీ జేబులో తొక్కలు ఆ పొద్దే చూసినా. మోటారుకైతే చెయ్యి మీద కొట్టింటా. బొమ్మే కదా, తిననీలే అనుకున్నా."

ఐదు వందలైనా ఆ కాయిల్ ఎందుకు పని చేసిందో ఇప్పుడు నేను క్లాసులో అరగంట చెప్పగలను. ఎన్ని చుట్లుంటే అన్ని చుట్లకు తగిన తాళం, అంటే ఫ్రీక్వెన్సీ, సర్క్యూటే వెతుక్కుంటుంది. ఆయనకు చెబితే, "మనుషులూ అంతే కదప్పా" అంటాడేమోనని ఎదురుచూశాను. "టీ చెప్పు పో" అన్నాడు.

మొన్నీమధ్య ఒక మధ్యాహ్నం ఆయన పోయాడు. చుట్టే యంత్రం పిడి మీద చెయ్యి పెట్టుకుని కునుకు తీస్తున్నాడనుకున్నారట. కంబదూరు రైతు మోటారు సగం చుట్టి ఉంది. డబ్బా మూతలో మూడు శెనక్కాయలు ఉన్నాయి. లైన్‌మన్ మామ వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నన్నయితే ఆ పక్కకే రానివ్వలేదు.

ఫ్లెక్సీ వేయించే పని మామకూ నాకూ అప్పగించారు. అన్న భార్య ఫోటో తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇంట్లో వేరే ఫోటోలున్నాయి. మనవరాలి పెళ్లిలో కోటు వేసుకుని, మీసం రెండు పక్కలా ఉన్నది కూడా ఉంది. ఈమె తెచ్చింది స్టూడియోలో కాయిల్‌తో తీయించుకున్నది.

"ఇదే వేయించమని చెప్పినాడు సార్," అంది. "గెలిచిన తెల్లారి తీయించుకున్నది ఇదొకటే అంట."

ఫ్లెక్సీ అంగడికి పోయి ఇచ్చాం. టీ తాగి వచ్చేసరికి కంప్యూటర్ మీద అన్న సిద్ధంగా ఉన్నాడు. దీపాలు, పావురాలు, మధ్యలో అన్న, ముఖం వరకే. రెండు మీసాలు.

"కుడిపక్కది కాపీ చేసి, తిప్పి, ఎడమపక్క అతికించినా సార్," అన్నాడు ఫ్లెక్సీ ఆయన, సంతోషంగా. "అసలు తెలీదు చూడండి."

నిజంగానే తెలియదు. చాలా చక్కగా అతికించాడు. రెండు తేలు కొండులు, సరిసమానంగా. నేను మామ వైపు చూశాను. మామ కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, తెర దగ్గరికి వంగాడు.

"ఎడమది ఎవురిదప్పా?" అన్నాడు.

"ఆయనదే కదా సార్. కుడిదే తిప్పినా."

"ఆయప్పది కాదు. అది నేను గెలిచింది. అరవై మంది చూసినారు, సారు సాక్షి." ఆయన వేలు తెర మీద ఎడమ మీసం మీద ఆగింది. "నాది తెచ్చి ఆయప్పకు ఎట్ల అతికిస్తావు? తియ్యి."

ఫ్లెక్సీ ఆయన నాకేసి చూశాడు. నేను తల ఊపాను. ఆయన బటన్ నొక్కాడు. వైండింగ్ అన్న ఎడమ మీసం రెండోసారి పోయింది.

ఈసారి వాసన రాలేదు.